సాంచె అప్పగించిన ఆదివారం

చనిపోయినవాళ్లు తిరిగి వచ్చి మనతో మాట్లాడతారని నేను ఏనాడూ నమ్మలేదు. దురాత్మలు ఉన్నాయని లేఖనాలు చెబుతాయి కాబట్టి అది నమ్ముతాను. కానీ పోయిన మనిషి దేవుని చేతిలో ఉంటాడు, బతికున్నవాళ్లు అతన్ని పిలవకూడదు, అతని దగ్గర ఏదీ విచారించకూడదు అని మాకు నేర్పారు. ఇరవై ఏళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు నేనూ అదే నేర్పుతున్నాను. దయ్యాల కథలు చెప్పుకుని భయపడే పిల్లలను చూసి నవ్వేదాన్ని.

అందువల్ల ఈ సంగతి రాయడం నాకు సులువు కాదు. చూసినది చూసినట్టు రాస్తాను. చూడనిది చూడలేదనే రాస్తాను.

మేం చంద్రాపూర్‌లో, బాబుపేట్‌లో ఉంటాం. నేను మరాఠీ బడిలో టీచర్ని. తెలుగు చదవడం బడిలో కాదు, చర్చి సంఘంలో పాటల పుస్తకం పట్టుకుని నేర్చుకున్నాను. మా అమ్మ పోయాక మా నాయన మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయనకు డెబ్బై మూడేళ్లు. పేరు గట్టయ్య.

మా పేట చివర, రైలు పట్టాల వైపు ఒక పాత బట్టల మిల్లు ఉంది. పత్తి వ్యాపారం చేసే ఒక సేఠ్ కుటుంబం తెల్లవాళ్ల కాలంలో దాన్ని కట్టించిందని పెద్దవాళ్లు చెబుతారు. మొదట గింజ తీసే జిన్నింగు ఒక్కటే ఉండేదట. తర్వాత నూలు, ఆ తర్వాత సాంచెలు వచ్చాయి. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. వాటిని నడపడం తెలిసినవాళ్లు కావాలని కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి మనుషులను పిలిపించారు. మా తాత అలా వచ్చినవాడే. అదే రైల్లో వచ్చిన కొందరు బొగ్గు గనుల్లోకి దిగారు. గనుల్లో జీతం ఎక్కువ. మేం వెలుతురులో పని చేస్తాం కదా అని మిల్లువాళ్లు సరిపెట్టుకునేవారట.

ఆ మాటలో నిజముంది. సాంచెల షెడ్డు కప్పు రంపపు పళ్లలా ఉంటుంది. ప్రతి పన్నుకూ ఉత్తరం వైపు అద్దాలు. ఏ వేళలోనూ ఎండ సూటిగా పడదు, నీడలుండవు, వెలుగు మాత్రం సమంగా పరుచుకుంటుంది. ఆ వెలుగులో ముతక ధోవతి గుడ్డ, ఆస్పత్రి పట్టీల గుడ్డ నేసేవాళ్లు.

నాకు పదమూడేళ్లప్పుడు మిల్లు మూతపడింది. సాంచెలను గ్యాసుతో కోసి తుక్కు కింద లారీల్లో తీసుకెళ్లారు. తర్వాత ఆ షెడ్డు కొన్నాళ్లు ధాన్యం గోదాం, కొన్నాళ్లు పెళ్లి పందిళ్ల సామాను పెట్టుకునే చోటు. ఇప్పుడు మిగిలింది కప్పు, ఇనుప స్తంభాలు, కింద బోల్టుల గుంతలు పూడ్చిన సిమెంటు మచ్చలు. ఏ సాంచె ఎక్కడుండేదో ఆ మచ్చలను బట్టి పాతవాళ్లు ఇప్పటికీ చెప్పగలరు.

ఆ షెడ్డు పద్ధతులు రెండు చెప్పాలి. అవి తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

మొదటిది సైగలు. సాంచెల మోతలో మాట వినపడదు. అందుకని అక్కడివాళ్లు పెదవులు చూసి మాట పట్టేవారు, చేతులతో జవాబు చెప్పేవారు. ముక్కు మీద వేలు పెడితే భార్య, ముక్కుపుడక గుర్తు. పెదవుల నుంచి వేళ్లు ముందుకు చాపితే చెప్పడం. అరచేయి తిప్పితే ఎవరు, ఏమిటి. మా నాయనకు మిల్లులో ఉండగానే చెవులు పోయాయి కాబట్టి ఇంట్లో మా భాష కూడా అదే అయింది. నాకు ఈ సైగలు మాటలంత బాగా తెలుసు.

రెండోది అప్పగింత. పాళి అయిపోగానే, అంటే డ్యూటీ మారే వేళకు, మిల్లు సైరన్ భోంగా మోగేది. భోంగా మోగినా నేతగాడు సాంచె వదలకూడదు. తర్వాతి పాళి మనిషి వచ్చి ఎదురుగా నిలబడాలి. దిగేవాడు సాంచె ముందు అడ్డకర్ర మీద అరచేయి ఆనించి, తర్వాత తన గుండె మీద పెట్టుకుంటాడు. ఎక్కేవాడు అదే చేస్తాడు. అప్పుడే చేతులు మారినట్టు. ఇది కంపెనీ పెట్టిన నియమం కాదు, నేతగాళ్లే పెట్టుకున్నది.

మూడో వరుసలో నాయన మధ్యాహ్నం పాళిలో సాంచెలు నడిపేవాడు. ఉదయం పాళిలో అవే సాంచెలు లస్మన్నవి. ఇద్దరివీ ఒకే గల్లీలో ఇళ్లు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాయన బాప్తిస్మం తీసుకున్నాడు. మా కుటుంబంలో ప్రభువును ఎరిగిన మొదటి మనిషి ఆయనే. ఇరై నదిలో, ఒక పనిరోజున. మధ్యాహ్నం మూడుకల్లా మిల్లుకు చేరవచ్చని నాయన లెక్క. ప్రార్థన, పాటలు, అన్నం అయ్యేసరికి అయిదు దాటింది.

మూడింటికి భోంగా మోగింది. నాయన లేడు. లస్మన్న సాంచెల దగ్గరే ఉండిపోయాడు. నాలుగు దాటాక పక్క సాంచె నుంచి నాడె ఎగిరి వచ్చి ఆయన కణతకు తగిలింది. నాడె అంటే పోగును అటూ ఇటూ మోసే కర్ర. పడవ ఆకారం, రెండు చివర్లా ఇనుప మొన. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది.

గట్టయ్య వేళకు వస్తే లస్మన్న బతికేవాడని మిల్లంతా అన్నది. నాయన కాదనలేదు.

ఆ తర్వాత నాయన సంఘాన్ని విడిచిపెట్టలేదు. ఒక్క ఆదివారం మానలేదు. కానీ ప్రభువు బల్ల, అంటే క్రీస్తును తలుచుకుని తీసుకునే రొట్టె, ద్రాక్షరసం, ముట్టలేదు. నెలలో మొదటి ఆదివారం రొట్టె పళ్లెం వరుసలో తన దాకా వస్తే, తీసుకోకుండా పక్కవాడికి అందించేవాడు. నీ సహోదరునికి నీ మీద ఏదైనా ఉంటే ముందు వెళ్లి అతనితో సమాధానపడు, తర్వాత బలిపీఠం దగ్గరికి రా అనే బోధ ఉంది కదా. నాయన దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. ముగ్గురు పాస్టర్లు మారారు, ముగ్గురూ నచ్చజెప్పారు. నాయన జవాబు ఒకటే.

"వాడే లేడాయె అయ్యగారూ. నేను ఎవనితోని సమాధానపడాలె?"

అలా ముప్పై అయిదేళ్లు.

పోయిన వానాకాలంలో ఆయనకు గుండెనొప్పి వచ్చింది. డాక్టరు మందులు రాసి, ఇక మీరే చూసుకోండి అన్నట్టు మాట్లాడాడు. అప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. బల్లలో పాలుపొందకుండానే నాయన వెళ్లిపోతాడేమో అని. రక్షణ రొట్టెలో లేదని నాకు తెలుసు. అయినా జీవితమంతా ఇంటి గడపలో నిలబడి, లోపలికి రాకుండా వెళ్లిపోయే మనిషిలా అనిపించేవాడు. నా ప్రార్థన అదొక్కటే.

ఈ వేసవిలో మా చర్చి కప్పు మార్చాల్సి వచ్చింది. మూడు నెలలకు ఒక చోటు కావాలి. మిల్లు షెడ్డు తక్కువ అద్దెకు దొరికింది. నాయన మొదటి రెండు వారాలు రాలేదు. మోకాళ్లు అన్నాడు. మూడో వారానికి కొత్త నెల వచ్చింది, అది బల్ల ఆదివారం. ఇంట్లో ఒంటరిగా వదలలేక ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లాను.

ఉదయం పదిన్నర. బయట ఎండ మండిపోతోంది, లోపల రెండు కూలర్లు. చెప్పులు బయట విడిచి, మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చున్నాం. ముసలివాళ్లకు ప్లాస్టిక్ కుర్చీలు. నాయన కుర్చీని సంఘ పెద్ద ఎలీషా ఒక స్తంభం పక్కన వేశాడు. ఎలీషాది బల్లార్షా. ఆయనకు ఈ మిల్లు సంగతులు తెలియవు. అది మూడో వరుస చోటని నాయన తర్వాత చెప్పేదాకా నాకూ తెలియదు.

రొట్టె విరిచి పళ్లెం పంపుతూ పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం అయ్యాక నాయన కుర్చీలోంచి లేచాడు. కళ్లు తిరిగాయేమోనని నేనూ లేవబోయాను. ఆయన ముఖం చూసి ఆగాను.

స్తంభానికీ తనకూ మధ్య ఉన్న ఖాళీలోకి చూస్తున్నాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి నోటి దగ్గర చూపు ఆపినట్టు. పెదవులు చదివేటప్పుడు ఆయన కళ్లు ఎలా ఉంటాయో నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. వేరే దేన్నీ చూసేటప్పుడు అలా ఉండవు.

అప్పుడు చేతులు లేచాయి. అరచేయి తిప్పాడు. ఎవరు? ముక్కు మీద వేలు పెట్టి, ఎదుటివైపు చూపించాడు. నీ భార్యా? వేళ్లు పెదవుల నుంచి తన వైపే తిప్పుకున్నాడు, చేయి అడ్డంగా ఊపాడు. నాకు చెప్పలేదు. కాసేపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కుడి అరచేతిని నడుమెత్తున గాలిలో ఆనించి, అక్కడి నుంచి గుండె మీదికి తెచ్చుకున్నాడు. కూర్చున్నాడు.

పాటలో రెండు చరణాల సేపు ఇదంతా.

నేను అక్కడ ఎవరినీ చూడలేదు. ఏ చప్పుడూ వినలేదు. కాళ్ల కింద నేల సన్నగా అదురుతున్నట్టు మాత్రం అనిపించింది. దాన్ని నేను లెక్కలో వేయను. బొగ్గు రైళ్లు పక్కనే పోతుంటాయి, మా పేటలో నేల అదరడం వింత కాదు. లెక్కలో వేసేది ఒకటుంది. నాయన చేతులకు నాలుగేళ్లుగా వణుకు. గ్లాసు నిండా చాయ్ ఇస్తే సగం కింద పడుతుంది. గాలిలో ఆనించిన ఆ చేయి వణకలేదు. దేని మీదో ఆనిన చేయిలా నిలకడగా ఉంది.

పళ్లెం వచ్చింది. నాయన రొట్టె తీసుకున్నాడు. తిన్నాడు. గిన్నె వచ్చినప్పుడు అదీ తీసుకున్నాడు. పాస్టరు గారి భార్య నా వైపు తిరిగి చూసింది. నేను తల దించుకుని ఏడ్చాను.

ఆరాధన అయ్యాక ఎలీషా దగ్గరికి వచ్చి, నాయనకు కనపడేలా నోరు పెద్దగా కదిలిస్తూ అన్నాడు.

"ఏం గట్టన్నా, పాటకు చేతులూపుడు షురూ చేసినవ్? పెంతెకొస్తోళ్లల్ల కలుస్తవా ఏంది?"

"నీ పాటకు చేతులు గాదు, చెవులు మూసుకోవాలె," అన్నాడు నాయన. "నాకు ఆ బాధ లేదు." ఆయన జోకు వేసి ఎన్నాళ్లయిందో.

ఇంటికి వచ్చాక ఎదురుగా కూర్చుని అడిగాను. ఆయన చెవులు పోయినవాళ్ల తీరున గట్టిగా, మామూలు విషయంలా చెప్పాడు.

"లస్మడొచ్చిండు. అవే సాంచెల కాడ. నన్ను తిట్టిండు. ఇయ్యాల రావద్దు, నీ పాళి గూడ నేనే కొడుతనని పోసక్కతోని చెప్పంపితి గదరా, ఆమె చెప్పలేదా అన్నడు. నాకెవ్వలు చెప్పలేదన్న. అయితే ఇప్పుడు పట్టుకో అన్నడు. అప్పజెప్పిండు, పోయిండు."

పోసక్క లస్మన్న భార్య.

మర్నాడు నాయనను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బీపీ, షుగర్, తల స్కానింగు అన్నీ చూశారు. ఈ వయసులో లేనివాళ్లు కనపడటం మామూలేనని డాక్టరు అన్నాడు. నేను ఒప్పుకున్నాను. మనసు ఎంతగానో కోరుకున్న మాట మనసే చెప్పి ఉండవచ్చు. కానీ పోసక్క దాకా ఎందుకు వెళ్లింది? ఆమె చేత మాట పంపడం అనేది నాయన నోట నేను ఎప్పుడూ వినలేదు. అది నిజమో కాదో చెప్పగల మనిషి ఒక్కరే.

లస్మన్న పోయిన పది రోజులకే పోసక్క తల్లిగారి ఊరు కోఠారికి వెళ్లిపోయింది. నాయన ఆమె ముఖం మళ్లీ చూడలేదు. చూసే ధైర్యం ఆయనకు లేదు. మా గల్లీలో కూరగాయలు అమ్మే ఒకామె పోసక్కకు దూరపు చుట్టం. ఆమెను ఇంటి గుర్తులు అడిగి తెలుసుకుని, ఒక శనివారం బడి అయ్యాక బస్సెక్కాను. నాయనకు చెప్పలేదు.

పోసక్క అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"ఎవలు బిడ్డా?"

"బాబుపేట్ గట్టయ్య బిడ్డను అత్తా."

చేతిలో పని ఆగింది. "గట్టయ్య ఇంకా ఉన్నడా? యేసయ్య తీస్కపోలేదా?"

"ఉన్నడు."

"ముప్పై అయిదేండ్లకు కోఠారి తొవ్వ దొరికిందా మీకు? గింత దూరం బస్సుకు! కూసో. సల్ల తాగుతవా, మా ఇంట్ల తాగద్దని మీ అయ్యగారు చెప్పిండా?"

"తాగుత."

మజ్జిగ ఇచ్చింది. పదో రోజు అన్నానికి కూడా నాయన రాలేదని, మతం మారినవాడికి మా అన్నం పనికి రాలేదనుకున్నానని అంది. కోపంగా కాదు, ఊరికే చెప్పినట్టే. నేను జవాబు ఆమె నోటికి అందించకుండా అడగాలని బస్సులోనే అనుకున్నాను.

"అత్తా, ఆ పొద్దు మామ ఇంట్ల నుంచి పోయేటప్పుడు ఏమన్న చెప్పిండా?"

ఆమె మళ్లీ చింతపండు ముందుకు లాక్కుంది. గింజలు ఒకవైపు, పండు ఒకవైపు పెడుతూనే ఉంది.

"టిఫిన్ గిన్నె పట్టుకోని పోతపోత చెప్పిండు. గట్టనికి చెప్పు, ఇయ్యాల పాళికి రావద్దను, రెండు పాళీలు నేనే కొడుత. మునుగుడు ఒక్కపారే ఉంటదట, నిమ్మలంగ మునిగి రమ్మను అని నవ్విండు." చేతిలోని గింజ కింద వేసింది. "నేను చెప్పలే. మీ ఇంటికి పది అడుగులు. పోలే. వాడు దేవుణ్ని మార్చుకుంటే నా మొగడు రెండు పాళీలు కొట్టాల్నా అని నాకు కోపం. తర్వాత అందరు గట్టయ్యదే తప్పన్నరు. అప్పుడు గూడ నోరు తెరవలే. మా అమ్మకు గూడ చెప్పలే."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"నీకు ఎరికే. ఎవలు చెప్పిన్రు?"

"నాయిన చెప్పిండు."

"మీ నాయినకు ఎవలు చెప్పిన్రు?"

అబద్ధం చెప్పలేను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె భయపడలేదు, ఏడవలేదు. లస్మన్న బట్టలు ఏం వేసుకున్నాడని అడిగింది. నాయన చెప్పలేదన్నాను. నేను లేచేటప్పుడు చేయి పట్టుకుంది.

"నా మీద కోపంగున్నడా అని అడుగుమను. మళ్ల కనవడితే. మీ నాయినకు గింత చెప్పు బిడ్డా."

సరే అన్నాను. ఆ పూట ఇంకేం అనగలను?

ఇంటికి వచ్చి, పోసక్క అత్తను కలిశాను, ఆ మాట నిజమే అని నాయనకు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "మరి? లస్మడు అబద్ధమెందుకాడుతడు?" అన్నాడు. నాకున్న తొందర ఆయనకు లేదు.

అప్పటి నుంచి నేను ప్రతి దారీ వెతికాను. పోసక్క ఎవరికీ చెప్పలేదు, నేను ఆమెను నమ్ముతున్నాను. లస్మన్న మిల్లులో ఎవరితోనైనా అని ఉంటే, ఆ రోజుల్లో అందరూ వేలెత్తి చూపినప్పుడు ఆ మాట బయటికి వచ్చేది. నాయన ఊహించాడంటే, అంత సరిగ్గా ఎలా ఊహిస్తాడు? ఇది మోసపరచే ఆత్మ పని కావచ్చని పాస్టరు గారు ఒకసారి అన్నారు. మోసపరచే ఆత్మ ఒక మనిషిని ప్రభువు బల్ల దగ్గరికి తీసుకొస్తుందా అని అడిగాను. ఆయన ఆలోచించి, తెలియదమ్మా అన్నారు. దేవుడే ఒక దర్శనం ఇచ్చాడనుకుందామన్నారు. అలాగే అనుకోవాలని నాకూ ఉంది. కానీ నాయన దర్శనం అనలేదు. లస్మడొచ్చిండు అన్నాడు. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే నేను లేవలేదు. ఏమని చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు.

తర్వాతి నెల కూడా నాయన రొట్టె తీసుకున్నాడు. పళ్లెం ఇంకా రెండు చాపల అవతల ఉండగానే వణికే చేయి చాచాడు. స్తంభం వైపు చూడనే లేదు.

మా కప్పు పని అయిపోవచ్చింది. వచ్చే ఆదివారమే ఆ షెడ్డులో చివరి ఆరాధన. వానలు పోయాక దాన్ని కూల్చేస్తారంటున్నారు.

పోసక్క చెప్పమన్న మాట నాయనకు నేను ఇంకా చెప్పలేదు. చెబితే ఆయన తప్పకుండా లస్మన్నను అడుగుతాడు. పోయినవాళ్ల దగ్గర విచారించవద్దని పిల్లలకు నేర్పే నోటితో ఆ మాట ఎలా అనాలో తెలియక వాయిదా వేస్తున్నాను. ముప్పై అయిదేళ్ల కిందట ఆమె కూడా దేవుడి పేరు మీదే ఒక మాటను పది అడుగుల దూరం చేర్చలేదు. అది నాకు గుర్తుంది.

నిన్న పోసక్క తన మనవరాలి ఫోన్ నుంచి చేసింది.

"అడిగిండా బిడ్డా?"

"ఇంకా లేదు అత్తా," అన్నాను.